నడిమింట్లో ఒక ప్లగ్గు

పోయిన వారం కుమారిని పెరటి గదిలో, నుదుటికి చెయ్యి ఆనించుకుని కూర్చున్న చోట వదిలేశాం. మనకి వారం గడిచింది గాని ఆమెకి అయిదు నిమిషాలు కూడా గడవలేదు. ఈ ఇంట్లో కొత్తగా అడుగు పెడుతున్నవారికి ముందు ఇల్లు చూపించాలి. కోటబొమ్మాళికి రెండు మైళ్ళ దూరంలో, ఒకదాని గోడ ఒకటి పంచుకుంటూ సాగే పొడుగాటి ఇళ్ళ వరసలో అది నాలుగో ఇల్లు. వీధివైపు సావిడి పెద్దకొడుకు జగన్నాధానిది. పెరటివైపు రెండు గదులు ఆటో నడిపే చిన్నకొడుకు ధనరాజ్‌వి. రెండింటికీ మధ్య ఉన్న నడిమిల్లు తల్లి తవిటమ్మది.

ధనరాజ్ పెళ్ళాం కుమారికి ముప్ఫై ఎనిమిదో ఏట ఉద్యోగం వచ్చింది. విశాఖపట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్ళ బాధ విని, రాసుకుని, తగిన డాక్టరు దగ్గర టైము ఇప్పించాలి. ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. అయితే ముందు మూడు నెలలు పరీక్షా కాలం. ఆ కాలంలో మాట్లాడుతుండగా మూడుసార్లు లైను తెగితే ఇంటికి పంపేస్తారు. ఇంట్లోనే ఉన్న మనిషిని ఇంటికి పంపడమంటే ఏమిటో కుమారికి బాగా తెలుసు. రెండుసార్లు ఇప్పటికే తెగింది. సోమవారం పది గంటలకి ఆఖరి వారం మొదలవుతుంది. ఆ వారంలో సెలవు అడగడానికి లేదు, లైను తెగడానికి లేదు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం.

ఆ ఉద్యోగం ఆమెకే ఎందుకొచ్చిందో కూడా ఒకసారి చెప్పుకోవాలి. ఆ డెస్క్‌లో చక్కగా మాట్లాడే పిల్లలు చాలామందే ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఫోన్ చేసే ముసలివాళ్ళ మాట మాత్రం వాళ్ళకి బోధపడేది కాదు. గుండెకాడ సురుకు సురుకుమంతందని ఒక తాత చెబితే, ఏం కాలింది తాతా అని అడిగిన పిల్ల ఉందట. ఇంటర్వ్యూలో సూపర్‌వైజర్ చూడామణి అలాంటి రికార్డొకటి వినిపిస్తే, కుమారి ఆ పెద్దాయన బాధేమిటో, ఎన్నాళ్ళ నుంచో చెప్పడమే కాకుండా, పక్కన ఉన్న కొడుకు మీద ఎందుకు విసుక్కుంటున్నాడో కూడా చెప్పేసింది. కాలేజీలో ఏ యాస విని వెనక బెంచీలు నవ్వాయో ఆ యాసకే ఇరవై ఏళ్ళ తర్వాత కుర్చీ వేశారు. ఆ కుర్చీని ఆమె వదులుకోదల్చుకోలేదు.

అయినా ఆమె గుండెల్లో మెదులుతున్నది ఉద్యోగం ఒక్కటే కాదు. రెండోసారి లైను తెగినప్పుడు అవతల టెక్కలి వైపు రైతొకాయన ఉన్నాడు. భార్యకి ఊపిరి అందడం లేదని, పెదాలు నీలంగా ఉన్నాయని చెబుతున్నాడు. సగం మాటలో ఆయన గొంతు ఆగిపోయింది. మళ్ళీ లైను వచ్చేసరికి ఆ కాల్ ఎవరికో వెళ్ళిపోయింది. ఆయన భార్య ఏమైందో కుమారికి ఈనాటికీ తెలీదు. తెలుసుకోవడానికి వీల్లేదు కూడా. ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. మూడోసారి తెగకూడదని అప్పుడే అనుకుంది, ఉద్యోగం కోసం కాకపోయినా.

అందుకే శనివారం నరసన్నపేట వెళ్ళి, వైఫైని దూరపు గదికి అందించే ఎక్స్‌టెండర్ కొనుక్కొచ్చింది. అరచేతిలో పట్టేంత తెల్లటి డబ్బీ, వెనక ప్లగ్గు పిన్నులు, ముందు చిన్న దీపం. నెట్ ఎక్కడ రావడం లేదో అక్కడే, తన బల్ల పక్కనే గోడకి గుచ్చింది. నొప్పి ఉన్న చోటే కదా మందు రాస్తాం. ఫోన్ చూస్తే వైఫై గీతలు నిండుగా నిలబడ్డాయి. ధనరాజ్ సంబరపడి టీ పెట్టాడు. తీరా మాట్లాడి చూస్తే గొంతు పాత రేడియోలోలా ముక్కలు ముక్కలుగా వచ్చింది. డబ్బీ మీద దీపం ఎర్రగా వెలుగుతోంది. అది ఎరుపని చూశారు గాని, ఎరుపు ఎందుకని ఎవరూ అడగలేదు. సరిగ్గా అక్కడే మనం ఆమెని వదిలేశాం.

నుదుటి మీద చెయ్యి తీసి కుమారి కేబుల్ నెట్ చూసే పృథ్వీరాజ్‌కి ఫోన్ చేసింది. ఆదివారమైనా విసుక్కోకుండా అంతా విన్నాడు. ఎక్కడ పెట్టావని అడిగాడు. చెప్పింది. అతను నవ్వాడు, ఎగతాళిగా కాదు, రోజుకి నలుగురు చేసే పొరపాటే కాబట్టి.

"అక్కా, అది నెట్ పుట్టించదు. దానికి ఏటి అందితే అదే నీకు అందిస్తాది. ఎండిపోయిన మడిలో ఇంజను పెట్టి నీళ్ళు తోడమంటే ఏటి తోడతాది? నీళ్ళున్న సోట ఇంజను పెట్టి, గొట్టం నీ మడిలోకి తియ్యాలి."

తర్వాత అతను చెప్పినవన్నీ కుమారి కాలెండరు వెనక రాసుకుంది. సావిడిలో ఉన్న నెట్ పెట్టెకీ, తన బల్లకీ సగం దూరంలో పెట్టాలి. ఫోన్లో గీతలు సగానికి తగ్గని చోటే పెట్టాలి. మంచం కింద, బీరువా వెనక దాచకూడదు, ఛాతీ ఎత్తులో బాహాటంగా ఉండాలి. ఇనుమూ, అద్దమూ, ఫ్రిజ్జూ దానికి పడవు. దీపం పచ్చగా వెలిగితే సరైన చోటు, ఎర్రబడితే మళ్ళీ నెట్ పెట్టెవైపు జరపాలి. అసలు మీకిది కావాలా అని కూడా అడిగాడు. నెట్ పెట్టెని మంచి చోటికి మారిస్తే సరిపోయే ఇళ్ళకి ఇది దండగ, నెట్ పెట్టె దగ్గరే నెట్ సరిగా లేని ఇళ్ళకి పది పెట్టినా దండగ. కుమారి ఆ రెండూ చూసేసింది. పదిరోజుల కిందటే బావగారిని బతిమాలి, నెట్ పెట్టెని ఇనప బీరువా వెనక నుంచి తీయించి ద్వారబంధం పక్కన పెట్టించింది. సావిడిలో నెట్ ఎప్పుడూ ఆగదు. ఆపేవి మధ్యలో ఉన్న మూరెడు మందం మట్టిగోడలే. పక్కగోడలు ఇరుగుపొరుగువి కాబట్టి చుట్టూ తిరిగి వచ్చే దారి లేదు. పెరటి సందులో కేబుల్ స్తంభం లేదు కాబట్టి వేరే కనెక్షనుకీ దారి లేదు. ఒకటి రెండు గదులకి మాత్రమే అందని ఇలాంటి ఇంటికే ఈ డబ్బీ అని పృథ్వీరాజ్ ఒప్పుకున్నాడు. కాకపోతే వేగం కొంత తగ్గుతుందన్నాడు.

వేగం ఎవరిక్కావాలి తమ్ముడూ, తెగకుండా ఉంటే చాలని చెప్పి కుమారి ఫోన్ పెట్టేసింది.

ఆ వెంటనే డబ్బీ పీకేసి, ఫోన్ చేత్తో పట్టుకుని వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా నడిచింది. సావిడిలో గీతలన్నీ ఉన్నాయి. సావిడి దాటి నడిమింటి గడపలో నిలబడితే ఒకటి తగ్గింది. నడిమింటి మధ్యలో సగానికి సగం. పెరటి గడప దగ్గర ఒక్కటి, ఉండీ లేనట్టు. సగం దూరం ఎక్కడుందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. అది తవిటమ్మ మంచం దగ్గర, గోడకున్న ఒకే ఒక్క ప్లగ్గు దగ్గర ఉంది.

ఇంకెక్కడున్నా బాగుండేదని ధనరాజ్ అన్నాడు. నిజమే. తవిటమ్మకీ కుమారికీ మాటలు లేక ఏడాది దాటింది. పంపకాలనాడు పెద్దమనుషులు కూర్చుని, నడిమిల్లు తవిటమ్మ ఉన్నంతకాలం ఆమెదే, ఆమె మాట లేకుండా అక్కడ మేకు కొట్టడానికి కూడా వీల్లేదని రాస్తుంటే, కుమారి గుమ్మంలో నిలబడి, అత్త తరవాత ఎవరిదో అదీ రాయండి అంది. అడగాల్సిన మాటే. కాగితం అన్నాక రేపటి సంగతి కూడా ఉండాలి. కాని తవిటమ్మ అక్కడే, చాప మీద, మూడడుగుల దూరంలో కూర్చుని ఉంది. లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పటి నుంచి ఏదన్నా చెప్పాలంటే ధనరాజ్ ద్వారా కబురు. నాలుగడుగుల దూరానికి ఏడాదిగా టపా మోస్తున్న మనిషి అతను.

మెల్లగా సాయంత్రం అమ్మ చెవిలో వేస్తాను, రేపో ఎల్లుండో పెట్టుకుందువు గాని అని అతను అన్నాడు. గొడవలంటే భయం తప్ప మనిషి మంచివాడు.

"ఎల్లుండికి ఉద్యోగం ఉండదు మావా," అంది కుమారి. "నేనే అడుగుతాను. నువ్వు ఆటో కడుక్కో పో."

అతను నిజంగానే ఆటో కడగడానికి వెళ్ళిపోయాడు. ఆ పూట అతను చేసిన మంచి పని అదే.

నడిమింట్లో తవిటమ్మ కింద కూర్చుని చేటలో ఉలవలు ఏరుతోంది. గోడవారగా ఆమె మంచం, దాని నెత్తిన ప్లగ్గు, ప్లగ్గుకి బల్లఫ్యాను. సావిడి వైపు గోడకి ఆనించి విత్తనాల ఇనప డ్రమ్ములు రెండు. కుమారి గడప దాటి ఎక్స్‌టెండర్ చేతిలో పట్టుకునే నిలబడింది. ఉపోద్ఘాతం ఏదన్నా ఉంటే బాగుంటుందనుకుంది గాని, ఏడాది తర్వాత దేనితో మొదలుపెట్టాలో తోచలేదు.

"నడిమింటి ప్లగ్గు నాకు కావాలి," అంది.

తవిటమ్మ తలెత్తలేదు. చేటతోనే మాట్లాడింది.

"నాను పోయినాక ఎవులిదో రాయించుకున్నారు గదా. అందాక ఆగమను."

కుమారి మొహం మండింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం చాలా తేలిక, ఏడాదిగా చేస్తున్నది అదే. ఈసారి వెళ్ళలేదు. అత్తగారి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఆగలేను. ఆ రోజు నేనన్నది తప్పు. అడగాల్సిన మాటే గాని నీ మొహం ముందర అలగ అడక్కూడదు. దానికి నువ్వు ఇంకో ఏడాది మాటాడకపోయినా పడతాను. ప్లగ్గు మాత్రం రేపు పదింటికి కావాలి. అది లేకపోతే నా ఉద్యోగం పోతాది, నా మాట కోసం ఫోన్ సేసేవోళ్ళకి నా మాట ఉండదు."

ఉలవల మీద వేళ్ళు ఆగాయి. సావిడిలో తోటికోడలు తులసి టీవీ చప్పుడు తగ్గించిన సంగతి ఇద్దరికీ తెలిసింది. తవిటమ్మ చాలాసేపు కోడలి మొహంలోకి చూసింది. తప్పు ఒప్పుకున్నందుకు చూస్తోందో, ఒప్పుకుంటూనే పట్టు వదలనందుకు చూస్తోందో కుమారికి అర్థం కాలేదు.

"ఏటది? ఇలగ తే," అంది చివరికి.

డబ్బీని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంత బుడ్డి ఏం చేస్తుందని అడిగింది. కుమారి పృథ్వీరాజ్ చెప్పిన ఇంజను సంగతి చెప్పబోయింది. సగంలోనే ముసలామె తలూపింది. ముప్ఫై ఏళ్ళు మొగుడితో సమానంగా పొలంలో నీటి వంతులు కాసిన మనిషి ఆవిడ. కాలువ మొదట్లో ఉన్నవాళ్ళ ధీమా, చివర ఉన్నవాళ్ళ గోల రెండూ ఎరిగినది.

"సివరి మడికి నీళ్ళు రాకపోతే సివరి మడిలో తవ్వుకుంటారేటి? నడిమి గట్టుకాడ ఏటి అడ్డొచ్చిందో సూస్తారు. ఈ మాత్రం దానికి డిగ్రీ సదివినావు," అని డబ్బీ తిరిగి ఇచ్చింది.

ఏడాది తర్వాత అత్తగారి నోట తనకి నేరుగా వచ్చిన మొదటి చురక అది. కుమారికి కళ్ళు చెమర్చాయి. చురకకే అంత సంతోషమేమిటని తనని తానే తిట్టుకుని లేచింది.

ఫ్యాను వైరు తీసి డబ్బీ గుచ్చింది. దీపం మెరిసి, ఆరి, మళ్ళీ ఎర్రగానే నిలబడింది. ఆమె ప్రాణం ఉసూరుమంది. సగం దూరమే, ఛాతీ ఎత్తే, బాహాటంగానే ఉంది. మళ్ళీ పృథ్వీరాజ్‌కి ఫోన్ చెయ్యబోతుంటే తవిటమ్మ లేచి నిలబడి, సావిడి గోడకేసి, ప్లగ్గుకేసి, మళ్ళీ గోడకేసి చూసింది. చూపుకి అడ్డం పడుతున్నవి డ్రమ్ములు. ఇనుము పడదని కాలెండరు వెనక రాసుకున్నది కుమారే, అయినా ఎదురుగా ఉన్న ఇనుము ఆమెకి కనపడలేదు. పుట్టినింటి నుంచి వచ్చిన నాటి నుంచీ అవి అక్కడే ఉండడం చూసి చూసి గోడలో భాగమే అనుకుంది.

మామగారు పోయిన నాటి నుంచి ఆ డ్రమ్ములని ఎవరూ కదపలేదు. కదపనివ్వలేదు. తవిటమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఇద్దరు కొడుకులనీ పిలిచింది. జగన్నాధం వచ్చి విషయం విని గొణిగాడు. నాన్న పెట్టిన చోటు, విత్తనం చెమ్మెక్కుతుంది, ఒక డబ్బీ కోసం ఇదంతా ఏమిటన్నాడు. తులసి కూడా వెనక నుంచి ఏదో అంది.

"నా ఇల్లు, నా డ్రమ్ములు," అంది తవిటమ్మ. "పక్కగోడకి జరపండి. బేగి."

అన్నదమ్ములు చెరోవైపు పట్టుకుని దొర్లించారు. ఫ్యానుకి సావిడి నుంచి పొడుగు వైరున్న బోర్డు లాగి వేరే ఏర్పాటు చేశారు. ముసలామె ఎడం చెయ్యి పక్కకి అదిమిపెట్టుకుని, కుడిచేత్తోనే దారి చూపిస్తూ నిలబడింది. రెండో డ్రమ్ము గోడ వదిలిన క్షణంలో ఎక్స్‌టెండర్ మీద దీపం ఒకసారి ఆరి పచ్చగా వెలిగింది. కుమారి పెరటి గదిలోకి పరిగెత్తి, నడిమింట్లో ఉన్న ధనరాజ్‌కి అక్కణ్ణుంచే వీడియో కాల్ చేసింది. అరగంట మాట్లాడినా అతని మొహం ఎక్కడా ఆగలేదు. మాట్లాడ్డానికేం లేక ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

ఆ సాయంత్రం కుమారి నడిమింట్లో దీపం చూసుకోవడానికి వెళ్తే తవిటమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆ ఫోన్‌కి ఆడవాళ్ళు కూడా చేస్తారా అని అడిగింది. ఆడవాళ్ళే ఎక్కువని కుమారి చెప్పింది.

"వోళ్ళు సెప్పినవి నువ్వు ఇంట్లో సెప్తావేటి? ధనరాజుకీ, తులసికీ?"

తప్పు పట్టడానికే అడుగుతోందనుకుని కుమారి కాస్త గట్టిగానే జవాబిచ్చింది. చెప్పనని, చెబితే ఆ రోజే తీసేస్తారని, తీసేయకపోయినా చెప్పనని అంది. తవిటమ్మ సరే అని మంచం మీద వాలి గోడవైపు తిరిగి పడుకుంది. ఇంత రాజీపడ్డాక మళ్ళీ ఈ గోడవైపు తిరగడమేమిటని కుమారికి కోపం వచ్చింది కూడా.

సోమవారం పది గంటలకి కుమారి ఉతికిన చీర కట్టుకుని బల్ల ముందు కూర్చుంది. ఎవరికీ కనపడే పని కాదు గాని, తల దువ్వుకుంటేనే ఆమెకి గొంతు సరిగా పలుకుతుంది. చెవులకి ఫోన్ తగిలించుకుంది. మొదటి కాల్ నరసన్నపేట నుంచి, మోకాళ్ళ నొప్పులు. రెండోది గజపతినగరం నుంచి, కళ్ళు మసకలు. లైను కదల్లేదు. ఒక్కో కాల్ ముగిసినప్పుడల్లా ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి. పదకొండు దాటేసరికి నెట్ సంగతే మర్చిపోయింది. ఎనిమిది మందికి డాక్టర్లని కుదిర్చింది. విశాఖపట్నం నుంచి చూడామణి మధ్యమధ్య కాల్స్ వింటూ ఉంటుందని తెలుసు, విననీ అనుకుంది.

పదకొండూ నలభైకి తొమ్మిదో కాల్ మోగింది.

"నమస్తేనమ్మా, నేను కుమారిని. ఏటి ఇబ్బందో నిదానంగా సెప్పండి," అంది ఎప్పటిలాగే.

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు, బాగా తగ్గించి:

"మా మాట తెలిసిన పిల్లవి నువ్వేనా తల్లీ?"

ఆ గొంతు పోల్చుకోవడానికి కుమారికి ఇంకో మాట అక్కర్లేదు. బొత్తాల ఫోన్ చెవికి ఆనించుకుని, గోడకి అవతల, మంచం మీద తవిటమ్మ. రోజుకి ముప్ఫైసార్లు ఆ ఆసుపత్రి నంబరు కుమారి నోటి నుంచి గోడ దాటి వెళ్తూనే ఉంటుంది. మా మాట తెలిసిన పిల్లకి ఇమ్మని అడిగేవాళ్ళ కాల్స్ ఆమెకే వస్తాయి.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ట్రైనింగులో చెప్పారు. ఫోన్ చేసింది సొంతవాళ్ళయితే కాల్ ఇంకో డెస్క్‌కి ఇచ్చెయ్యాలి. దానికి తెర మీద ఒక బటన్ ఉంది. అది నొక్కితే, ఏం కాలింది తాతా అని అడిగిన పిల్లలాంటి ఇంకో పిల్ల మాట్లాడుతుంది, తవిటమ్మ ఫోన్ పెట్టేస్తుంది, మళ్ళీ ఈ జన్మలో చెయ్యదు. కుమారి చేతిని మౌస్ మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేనేనమ్మా. మీ పేరు సెప్పండి."

"తవిటమ్మ."

"వయసు?"

"అరవై దాటినాయి. ఎన్ని దాటినాయో మా ఆయన లెక్క, ఆయన లేడు."

"బాధేటమ్మా?"

ముసలామె ఒక్కసారిగా చెప్పేసింది. ఎడం రొమ్ములో గడ్డ. ఏడాది దాటింది. మొదట చింతగింజంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. నొప్పి ఉండేది కాదు, ఈ నెల నుంచి చెయ్యి పైకెత్తితే లాగుతోంది. కుమారి ఒక్కో మాటా రాసుకుంది. అక్షరాలు తప్పు పడుతున్నాయి, దిద్దుకుంటూ రాసింది. ఇంట్లో ఎవరికన్నా చెప్పారా అని తర్వాతి ప్రశ్న. అడగకుండా వదిలెయ్యాలనిపించింది. అడిగింది.

"కొడుకులకి సెప్పే సోటు కాదు గదా తల్లీ. పెద్దకోడలికి సెప్తే పొద్దుగూకేలోపు ఊరంతా తెలుస్తాది. సిన్నకోడలికి సెబుదామనుకున్నాను. అది నీలాగే, మాట గట్టి, మనసు మంచిది. సేతికి గడ్డ తగిలిన మూడోనాడు పంపకాలు. పెద్దమనుసుల ముందర అదడిగింది, అత్త తరవాత నడిమిల్లు ఎవులిదీ అని. నాకు గుండాగిపోనాది. దీనికి ఎలగ తెలిసిపోనాదీ అనుకున్నాను."

ఏడాదిపాటు తను పొగరనుకున్నది భయం. కుమారి చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడుపు మింగేసింది. ఇప్పుడు ఏడిస్తే అవతల మనిషి ఓదార్చడం మొదలుపెడుతుంది, గడ్డ సంగతి పక్కకి పోతుంది. ముందు డాక్టరు. ఏడుపుకి తర్వాత ఎంత టైమైనా ఉంది. ఆమె వీపు నిటారుగా పెట్టుకుని, ఆడ డాక్టర్ల జాబితా తెరిచింది.

రేపు ఉదయం పదిన్నరకి ఒక్కటి ఖాళీ ఉంది. ఎవరో మానుకుంటే మిగిలినది. ఆ తర్వాతది ఇరవై ఆరు రోజుల తర్వాత. రెండు నిమిషాల్లో ఖాయం చెయ్యకపోతే ఇంకొకరికి పోతుందని తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. ఖాయం చెయ్యాలంటే ఇంకొక్క గడి నింపాలి, రోగికి తోడుగా ఎవరొస్తారని.

"మీతో ఎవులొస్తారమ్మా?" అంది.

"సిన్నకోడలి పేరు రాసుకో. ఇంకా అడగలేదు. వస్తాదనే రాసుకో."

రేపు మంగళవారం. ఆఖరి వారంలో రెండో రోజు. పదిన్నరకి విశాఖపట్నంలో ఉన్న మనిషి పదింటికి ఈ బల్ల ముందు ఉండదు. మూడు నెలలు కాపాడుకున్న కుర్చీ, కాలెండరు వెనక రాసుకున్న మాటలు, పదేళ్ళుగా కదలని డ్రమ్ములు, అన్నీ ఈ ఒక్క వారం కోసమే. అంకెలు నలభైకి వచ్చాయి. ముప్ఫైకి వచ్చాయి. కుమారి ఖాళీ గడినే చూస్తోంది.

"తల్లీ, ఉన్నావా?" అంది ముసలామె కంగారుగా. "లైను తెగిపోనాదేటి?"

"లేదత్తా. తెగలేదు. నేనున్నాను, రేపు నేనే తీసుకెళ్తాను," అంది కుమారి. తోడు గడిలో తన పేరు కొట్టి, తేదీ ఖాయం చేసింది.

అవతల ఊపిరి పీల్చిన చప్పుడు చెవిలో వినపడింది. అదే క్షణంలో తెర మీద మూలన చిన్న పెట్టె తెరుచుకుంది. చూడామణి రాసింది: "కాల్ మొదటి నుంచీ విన్నాను. ఫోన్ పెట్టకండి. ఆవిడ మీకు ఏమవుతారో, కాల్ ఎందుకు మార్చలేదో ఇప్పుడే లైన్లోకి వచ్చి అడుగుతున్నాను. ఆవిడ కూడా వినాలి."